రాజధాని పరిసరాలలో కోటలు, కొలనులు, అడవులు

(ఢిల్లీ పర్యటనకు వచ్చిన తెలుగు కళాశాల విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



మీ పర్యటన కార్యక్రమ పత్రమును మీ అధ్యాపకులు నాకు చూపించినారు. మొదటి రోజున ఎర్రకోట, రాజఘాట్, ఇండియా గేట్. రెండవ రోజున కుతుబ్ మీనారు, హుమాయూన్ సమాధి, సాయంకాలము బజారు. మూడవ రోజున ఆగ్రా. ఇవి అన్నియు చూడదగినవే. అయితే వేయి మైళ్ళకు పైగా రైలులో ప్రయాణము చేసి వచ్చిన వారు ఈ ప్రాంతము నుండి ఛాయాచిత్రాలను మాత్రమే తీసుకొని వెళ్ళుట నాకు ఇష్టము లేదు. కనుక ఆ పత్రంలో లేని కొన్ని స్థలాలను గురించి నేడు మనవి చేయదలచినాను. వాటిలో కొన్ని రాతి కట్టడాలు, కొన్ని నీటి మడుగులు, ఒకటి అడవి. కొన్నింటికి మన తెలుగు దేశముతో సూటిగా సంబంధము గలదు.

1985 నాటి చట్టము ప్రకారము ఢిల్లీని, దాని చుట్టునున్న జిల్లాలను కలిపి జాతీయ రాజధాని ప్రాంతముగా పరిగణించుచున్నారు. హర్యానా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాలలోని అనేక జిల్లాలు ఇందులో చేరియున్నవి. దీని విస్తీర్ణము సుమారు 55 వేల చదరపు కిలోమీటర్లు. ఇందులో పానిపట్టు కలదు, మీరట్ కలదు, హస్తినాపురము కలదు. రాజస్థాన్ వైపున అల్వర్, భరత్‌పూర్ కూడ కలవు. పాలనా సౌకర్యము కొరకు గీచిన ఈ గీత లోపల రెండు జాతీయ పార్కులు, ఒక పులుల అభయారణ్యము, యునెస్కో వారి జాబితాకెక్కిన ప్రపంచ వారసత్వ స్థలాలు నాలుగు ఉన్నవన్న సంగతి ఢిల్లీలో పుట్టి పెరిగిన వారిలో కూడ చాలమందికి తెలియదు.

ముందుగా నగరంలోని ఒక రాతి స్తంభముతో ప్రారంభించెదను. ఫిరోజ్ షా కోట్లా అనగానే మీలో చాలమందికి క్రికెట్ మైదానము గుర్తుకు వచ్చును. ఆ మైదానమునకు 2019 లో పేరు మారినది గాని, దాని ప్రక్కనున్న కోట పేరు మారలేదు. 14వ శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ నిర్మించిన ఆ కోటలో, మెట్లు మెట్లుగా కట్టిన ఒక భవనముపై అశోకుని శిలాస్తంభమొకటి నిలిచియున్నది. అది అక్కడ పుట్టినది కాదు. ఉత్తరాన అంబాలా వైపున తోప్రా అను గ్రామంలో ఉండగా సుల్తాను దానిని చూచి ముచ్చటపడి ఢిల్లీకి తెప్పించినాడు. ఆ తరలింపును షంస్-ఇ-సిరాజ్ అఫీఫ్ అను చరిత్రకారుడు సవిస్తరముగా వర్ణించినాడు. స్తంభము పడిపోయినపుడు దెబ్బ తినకుండ క్రింద బూరుగు దూది పరుపులు పరచినారట. రెల్లుతోను పచ్చి తోళ్ళతోను దానిని చుట్టబెట్టినారట. 42 చక్రాల బండిపై ఎక్కించి, ఒక్కొక్క చక్రానికి కట్టిన త్రాటిని 200 మంది చొప్పున లాగి యమునా తీరానికి చేర్చి, అక్కడి నుండి పడవలపై నగరానికి తెచ్చినారట. ఇంత శ్రమ పడిన సుల్తాను ఆ రాతిపై ఏమి వ్రాసియున్నదో తెలిసికొనవలెనని పండితులను రప్పించినాడు. ఒక్కరును చదువలేకపోయినారు. చదువుటకు 1837 వరకు ఆగవలసివచ్చినది. ఆ సంవత్సరమున జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపి రహస్యమును ఛేదించినాడు.

అందులో ఏమున్నది? బాటల వెంట మర్రిచెట్లు నాటించితినని, బావులు త్రవ్వించితినని అశోకుడు చెప్పుకొన్న శాసనము ఆ స్తంభముపై ఉన్నది. ఏడవ స్తంభ శాసనముగా పేర్కొనబడు ఆ పాఠము మరే స్తంభముపైనను లభింపలేదు. అదే రాతిపైనున్న ఐదవ శాసనము మన నేటి ప్రసంగ విషయానికి ఇంకను దగ్గరిది. పట్టాభిషిక్తుడైన 26 సంవత్సరాలకు వేయించిన ఆ శాసనంలో, చంపకూడని ప్రాణుల జాబితా ఒకటి కలదు. చిలుకలు, గోరువంకలు, చక్రవాకములు, అడవి బాతులు, గబ్బిలములు, తాబేళ్ళు మొదలైనవి అందులో చేరినవి. నిష్కారణముగా గాని, జంతువులను చంపుటకు గాని అడవులకు నిప్పు పెట్టరాదని కూడ అందులో ఆజ్ఞ ఉన్నది. 1972 లో మన పార్లమెంటు వన్యప్రాణి సంరక్షణ చట్టమును చేసి, రక్షింపదగిన ప్రాణులను షెడ్యూళ్ళలో చేర్చినది. రెండు వేల రెండు వందల సంవత్సరాలకు పూర్వమే అటువంటి షెడ్యూలు ఒకటి ఈ నేలమీద రాతికెక్కినది. ఈనాడు గురువారములందు ఆ కోటకు వచ్చు భక్తులు జిన్నులకు విన్నపములు వ్రాసి గోడ గూళ్ళలో ఉంచి వెళ్ళుదురు. అశోకుని విన్నపమును చదువు వారు తక్కువ.

ఇదే సందర్భమున మరియొక చిన్న విషయము. 1966 లో దక్షిణ ఢిల్లీలోని బహాపూర్ వద్ద, కాల్కాజీ ఆలయమునకు సమీపమున, ఒక బండపై అశోకుని లఘు శిలాశాసనము బయటపడినది. ఇండ్ల నిర్మాణము కొరకు ఆ గుట్టలను చదును చేయనుండగా అది కంటబడుట మన అదృష్టము. ఆ శాసనమునకు సోదర పాఠము మన కర్నూలు జిల్లాలోని ఎర్రగుడిలో ఉన్నది. ఢిల్లీలోని తూర్పు కైలాస్ నివాస ప్రాంతంలో ఒక ఉద్యానవనమధ్యమున కప్పు వేసి కాపాడుచున్న ఆ బండను చూచిన వారు, స్వస్థలమునకు తిరిగి వెళ్ళిన తరువాత ఎర్రగుడి కొండను కూడ చూడవలెను. మీలో రాయలసీమ విద్యార్థులున్నారు. చేతులెత్తమని అడుగను గాని, ఎర్రగుడి చూచిన వారెందరని మనస్సులోనే లెక్కించుకొనుడు.

ఇక తెలుగు వారికి అత్యంత సన్నిహితమైన, అత్యంత బాధాకరమైన చరిత్రకు వత్తును. కుతుబ్ మీనారుకు తూర్పున సుమారు ఎనిమిది కిలోమీటర్ల దూరమున తుగ్లకాబాద్ కోట కలదు. వాలుగా నిలిచిన బ్రహ్మాండమైన రాతి గోడలు, లోపల ముళ్ళపొదలు, కోతులు. పర్యాటకుల బస్సులు అక్కడ ఆగుట అరుదు. ఘియాసుద్దీన్ తుగ్లక్ 1321 ప్రాంతమున ఈ కోటను కట్టనారంభించినాడు. సరిగా అదే కాలమున ఆయన కుమారుడు ఉలుగ్ ఖాన్ ఓరుగల్లుపై దండెత్తినాడు. మొదటి దండయాత్ర విఫలమైనది. 1323 లో ఓరుగల్లు పతనమైనది. కాకతీయ ప్రతాపరుద్రుని బందీగా ఢిల్లీకి తరలించుచుండగా నర్మదా తీరమున ఆయన మరణించినట్లు ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనము తెలుపుచున్నది. ఓరుగల్లు కోటలో తోరణ స్తంభముల నడుమ నిలిచి చూచిన వారు తుగ్లకాబాద్ గోడల మీద కూడ నిలిచి చూడవలెను. ఒకటి ఓడిన వారి కోట, రెండవది గెలిచిన వారి కోట. గెలిచిన వారి కోట కూడ నగరముగా కొద్ది సంవత్సరాలకు మించి నిలువలేదు.

ఆ యుద్ధములో బందీలైన వారిలో కాకతీయుల కొలువునందలి ఒక ఉన్నతాధికారి ఉండెను. గన్నమ నాయకుడే ఆయన యని కొందరు చరిత్రకారులు గుర్తించినారు. ఢిల్లీలో ఇస్లాము మతమును స్వీకరించి మక్బూల్ అను పేరు పొందినాడు. తెలంగాణము నుండి వచ్చినవాడు గనుక తిలంగానీ అని పిలిచినారు. ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో పైకి వచ్చి, ఫిరోజ్ షా కాలమున ప్రధానమంత్రియై, ఖాన్-ఇ-జహాన్ అను బిరుదమును పొందినాడు. ఆయనకు అక్షర జ్ఞానము లేకున్నను గొప్ప బుద్ధిశాలి అని అఫీఫ్ వ్రాసినాడు. పారసీ లిపిని దృష్టిలో నుంచుకొని అట్లు వ్రాసియుండునని, కాకతీయుల కొలువు చేసినవానికి తెలుగు అక్షరములు రాకుండునా యని నాకు తోచును. సుల్తాను నెలల తరబడి, ఒక్కొక్కసారి సంవత్సరాల తరబడి దండయాత్రలకు వెళ్ళినపుడు రాజధానిని ఈ తెలుగువాని చేతిలో నుంచి నిశ్చింతగా వెళ్ళెడివాడు.

మక్బూల్ 1370 ప్రాంతమున మరణించినాడు. తండ్రి బిరుదమును, పదవిని కుమారుడు జునాన్ షా పొందినాడు. నిజాముద్దీన్ దర్గా సమీపమున ఆయన తండ్రికి సమాధి మందిరము నిర్మించినాడు. వాస్తు చరిత్రలో దీనికొక విశిష్ట స్థానము కలదు. అంతవరకు ఢిల్లీ సుల్తానుల సమాధులు చతురస్రాకారమున ఉండెడివి. చుట్టూ వసారాతో ఎనిమిది కోణములు గల సమాధి ఢిల్లీలో ఇదే మొదటిది. తరువాత లోదీ ఉద్యానములోని ముహమ్మద్ షా సయ్యద్ సమాధి, సికందర్ లోదీ సమాధి, హుమాయూన్ సమాధి ఆవరణలోని ఈసా ఖాన్ సమాధి ఈ నమూనానే అనుసరించినవి. రేపు మీరు హుమాయూన్ సమాధికి వెళ్ళినపుడు ద్వారము దాటగానే కుడివైపున ఈసా ఖాన్ సమాధి కనుపించును. దానికి మూలరూపము రోడ్డు దాటిన తరువాత ఉన్న బస్తీలో, నడచి వెళ్ళదగిన దూరములోనే కలదు. జునాన్ షా అంతటితో ఆగలేదు. తుర్క్‌మాన్ గేటు వద్దనున్న కలాన్ మసీదు, ఖిడ్కీ గ్రామములోని కప్పుతో కూడిన విచిత్రమైన మసీదు ఆయన కట్టించినవే. ఓరుగల్లు నుండి బందీగా వచ్చిన ఒకని కుటుంబము ఢిల్లీ నగర రూపములో ఇంత భాగము పంచుకొన్నదని మన పాఠ్యపుస్తకములు చెప్పవు. ఇందులో గర్వింపదగినది ఎంత, దుఃఖింపదగినది ఎంత అనునది తూచి చెప్పుట కష్టము. రెండింటిని కలిపియే చూడవలెనని నా అభిప్రాయము.

ఆ మందిరము నేడు ఏ స్థితిలో ఉన్నది? ఇరుకు సందులలో దశాబ్దాల తరబడి నివాస గృహాలు దానిని చుట్టుముట్టినవి. వసారా తోరణములు ఇండ్ల గోడలలో కలిసిపోయినవి. ఇది చూచి మనకు కోపము కలుగుట సహజము. ఆ ఇండ్లను తొలగించి, చుట్టూ కంచె కట్టి, పచ్చిక పెంచవలెనని వెంటనే అనిపించును. కాని అక్కడి వారు పేదలు. అనేకులు తరతరాలుగా అక్కడనే పుట్టి పెరిగినవారు. ఇదే బస్తీలో మరియొక ఉదాహరణము కలదు. దర్గాను ఆనుకొనియున్న 14వ శతాబ్దపు దిగుడుబావి గోడ 2008 లో కొంత కూలినది. ఆగా ఖాన్ సాంస్కృతిక ట్రస్టు వారు పురావస్తు శాఖ సహకారముతో దానిని బాగుచేయునపుడు, బావి గోడల మీద ఇండ్లు కట్టుకొనియున్న కుటుంబాలకు ముందు వేరొకచోట నివాసము కల్పించినారు. తరువాతనే పని సాగినది. బస్తీలో పాఠశాలను, వైద్య సౌకర్యమును మెరుగుపరచుట కూడ ఆ పథకములో భాగముగా నుండెను. హైదరాబాదులోని కుతుబ్ షాహీ సమాధుల పునరుద్ధరణ కూడ ఈ సంస్థయే చేసినది. ఖాన్-ఇ-జహాన్ సమాధికి అటువంటి యోగము పట్టునో లేదో తెలుగువారు అడుగవలసిన ప్రశ్న. అడుగవలెనన్న ముందు చూచియుండవలెను గదా!

నగరమును విడిచి బయటకు పోదము. ఆరావళి పర్వతశ్రేణి ప్రపంచములోని అతి ప్రాచీన పర్వతాలలో ఒకటి. గుజరాత్ నుండి బయలుదేరి రాజస్థాన్, హర్యానాల మీదుగా వచ్చి ఢిల్లీలో అంతమగును. నగరవాసులు రిడ్జ్ అని పిలుచు గుట్టల వరుస దాని చివరి కొస. ఈ గుట్టలపై మీరొక పాత పరిచయస్థుని చూచెదరు. మన ఊళ్ళ చెరువు గట్లను ఆక్రమించిన సర్కారు తుమ్మ! బ్రిటిష్ వారు గత శతాబ్దపు తొలి దశకాలలో పచ్చదనము కొరకు దానిని ఇక్కడ నాటించినారు. అది నాటిన చోట ఆగే మొక్క కాదు. ఢిల్లీ దక్షిణ సరిహద్దున అసోలా-భట్టీ అభయారణ్యమున్నది. ఒకనాడు అక్కడ భవన నిర్మాణమునకు వలయు ఎర్ర ఇసుకను, రాతిని గనుల నుండి త్రవ్వెడివారు. గనులు మూతబడి మూడు దశాబ్దాలు దాటినది. నేలలోని గుంతలలో నీరు నిలిచి నీలపు కొలనులైనవి. కోటిమందికి పైగా నివసించు మహానగరపు సరిహద్దులలోనే అక్కడ చిరుతపులులు తిరుగుచున్నట్లు ఇటీవలి సంవత్సరాలలో అమర్చిన కెమెరాలు నిరూపించినవి.

గుర్‌గ్రామ్ జిల్లాలోని సుల్తాన్‌పూర్ జాతీయ పార్కు చాల చిన్నది. ఒకటిన్నర చదరపు కిలోమీటరుకు లోపే. బ్రిటిష్ కాలమున ఆ ప్రాంతపు ఉప్పునీటి బావుల నుండి ఉప్పు తయారు చేసెడివారు. వానాకాలమున నీరు నిలిచిన పల్లములో వేలకొలది పక్షులు దిగుటను గమనించిన పీటర్ జాక్సన్ అను విలేఖరి, పక్షి ప్రేమికుడు, నాటి ప్రధానమంత్రి ఇందిరా గాంధీకి ఉత్తరము వ్రాసినాడు. 1970ల తొలి సంవత్సరాలలో అది పక్షి సంరక్షణ కేంద్రమైనది. 1989 లో జాతీయ పార్కు అయినది. 2021 లో రామ్‌సర్ జాబితాకెక్కినది. ఒక ఉత్తరముతో ఒక చిత్తడి నేల నిలిచినది. ఉదయము బయలుదేరి మధ్యాహ్నమునకు తిరిగి రావచ్చును గనుక, సమయము లేని వారికి ఇది అనుకూలము.

సమయమున్న వారు తప్పక వెళ్ళవలసినది భరత్‌పూర్. ఆగ్రాకు సుమారు 55 కిలోమీటర్ల దూరము. మూడవ రోజున మీరు ఆగ్రాకు వెళ్ళుచున్నారు గనుక ఇది దారి తప్పుట కాదు. కేవలాదేవ్ అనునది అక్కడి శివాలయము పేరు. ఆ పేరుతోనే జాతీయ పార్కు వెలసినది. విస్తీర్ణము సుమారు 29 చదరపు కిలోమీటర్లు. ఇక్కడ 350కి పైగా పక్షిజాతులను గుర్తించినారు. ప్రకృతి సహజమైన సరస్సు అనుకొని వెళ్ళువారికి ఆశ్చర్యము కలుగును. ఇది మనుష్యులు చేసిన నీటిపట్టు. 18వ శతాబ్దమున భరత్‌పూర్ జాట్ రాజు సూరజ్‌మల్ కాలమున గంభీర్, బాణగంగ నదుల నీటిని ఆపుటకు అజాన్ కట్టను నిర్మించినారు. తరువాతి రాజులు చిన్న చిన్న గట్లతో, తూములతో పల్లపు భూమిని మడుగులుగా విభజించినారు. కాకతీయులు త్రవ్వించిన రామప్ప, పాకాల చెరువుల వద్ద పెరిగిన వారికి ఈ ఏర్పాటు అర్థమగుట సులభము. తూము ఎత్తిననే నీరు, నీరున్ననే చేప, చేప ఉన్ననే కొంగ.

రాజులు నీరు నిలిపినది పక్షుల మీద దయతో కాదు, వేటకు. పార్కు మధ్యమున ఆలయ సమీపమున రాతి ఫలకములు నిలిపియున్నవి. ఏ తేదీన ఏ ప్రభువు వచ్చినాడు, ఎన్ని తుపాకులు, ఎన్ని పక్షులు పడినవి అని వరుసగా చెక్కియున్నవి. 1938 నవంబరు నాటి వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు వేటకు ఎదురుగా ఉన్న సంఖ్య 4,273. ఒక్క రోజున! పార్కు అధికారులు ఆ ఫలకములను తొలగింపక అట్లే ఉంచుట నాకు నచ్చినది. సలీమ్ అలీ మొదలైన పక్షి శాస్త్రజ్ఞుల కృషి వలన వేట ఆగినది. 1981 లో అది జాతీయ పార్కు అయినది. అదే సంవత్సరమున ఒరిస్సాలోని చిలకా సరస్సుతో పాటు మన దేశము నుండి తొలిసారిగా రామ్‌సర్ జాబితాలో చేరినది. 1985 లో ప్రపంచ వారసత్వ స్థలమైనది.

ఇంతవరకు విజయగాథ. కాని 1982 లో జరిగినదానిని చెప్పకపోయిన అది అర్ధసత్యమగును. జాతీయ పార్కులో పశువులు మేయరాదన్నది చట్టము. చుట్టునున్న గ్రామాల వారి గేదెలు తరతరాలుగా ఆ మడుగులలో మేయుచుండెను. నిషేధము అమలు చేసినపుడు గ్రామస్థులు తిరుగబడినారు; పోలీసు కాల్పులు జరిగినవి; ప్రాణనష్టము కలిగినది. పక్షుల మేలు కొరకే గదా అని అనుకొనిరి. బొంబాయి సహజ చరిత్ర సంఘము వారు 1980 నుండి దాదాపు పది సంవత్సరాలు అక్కడ పరిశోధన చేసినారు. వారు కనుగొన్నదేమనగా, గేదెలు లేకపోవుటచే నీటిగడ్డి అదుపు లేకుండ పెరిగి మడుగులను కప్పివేసినది. బహిరంగ జలము తగ్గి అనేక నీటిపక్షులకు తిండి కరవైనది. గేదె అనగా శత్రువని భావించిన చోట, గేదె ఆ మడుగునకు తోటమాలి అని తేలినది. విజ్ఞానము ముందు వచ్చి, తుపాకి తరువాత కూడ రాకుండియుండిన బాగుండెడిది. తదుపరి కాలమున సర్కారు తుమ్మ అక్కడ కూడ విస్తరించినపుడు, దానిని వేళ్ళతో సహా పెకలించి కలపను తీసికొనిపోవుటకు ఆ గ్రామస్థులనే అనుమతించినారు. లోపలికి రావద్దన్న వారినే లోపలికి పిలువవలసి వచ్చినది.

నీటి సమస్య ఇంకను తీరని సమస్య. ఎగువన కరౌలీ జిల్లాలో పంచనా ఆనకట్ట కట్టిన తరువాత గంభీర్ నదిలో దిగువకు వచ్చు నీరు తగ్గినది. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాల కరవులలో ఎగువ రైతులు తమ పొలాలకు నీరు కావలెనన్నారు. దిగువన పక్షులు ఓటర్లు కావు గదా! కొన్ని సంవత్సరాలు మడుగులు బీటలు వారినవి. తదనంతరము గోవర్ధన్ మురుగు కాలువ నుండి గొట్టముల ద్వారా, చంబల్ జలముల నుండి కొంత నీరు తెప్పించు ఏర్పాటు జరిగినది. మన కొల్లేటి కథను ఎరిగినవారికి ఈ వివాదము క్రొత్త కాదు. అక్కడ చేపల చెరువులు, ఇక్కడ పంట పొలములు. రెండు చోట్లను న్యాయము ఒకే వైపున లేదు.

సైబీరియా కొంగను గురించి ఒక మాట. మంచువలె తెల్లని ఈ బెగ్గురు జాతి పక్షులు పశ్చిమ సైబీరియా నుండి అఫ్గానిస్తాన్ మీదుగా శీతాకాలమున కేవలాదేవ్‌కు వచ్చెడివి. 1960లలో రెండు వందల వరకు వచ్చినట్లు చెప్పుదురు. సంఖ్య ఏటేట తరిగి, చివరకు ఒక్క జంట మిగిలినది. 2002 తరువాత అది కూడ రాలేదు. దారిలోని దేశాలలో యుద్ధము, వేట కారణములని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. భరత్‌పూర్‌లో ఎంత జాగ్రత్త పడినను, మరియొక దేశములో కూలిన పక్షిని కాపాడలేము. అక్కడ రిక్షా త్రొక్కు కార్మికులు పక్షుల పేర్లన్నియు చెప్పగలరు. మోటారు బండ్లకు ప్రవేశము లేదు గనుక పార్కులో వారే మార్గదర్శకులు. వారిలో వయసు మళ్ళిన వారిని అడుగుడు. సైబీరియా కొంగను కన్నులార చూచినవారు ఇంకను కనిపించవచ్చును. అటువంటి వాని రిక్షాను ఎన్నుకొనుడు.

భరత్‌పూర్ పట్టణములోని లోహగఢ్ మట్టికోటను 1805 లో లార్డ్ లేక్ నాలుగుసార్లు ముట్టడించియు పట్టలేకపోయినాడు. ఫిరంగి గుండ్లు మట్టిలో దిగబడిపోయినవి. డీగ్‌లో సూరజ్‌మల్ వంశీయుల జలమహలు కలదు. సమయము లేనిచో ఈ రెండింటిని విడిచిపెట్టవచ్చును. పక్షులను మాత్రము విడువవలదు.

సరిస్కాకు మీరు ఈ యాత్రలో వెళ్ళలేరు. అయినను దాని కథ తెలిసియుండవలెను. అల్వర్ రాజుల వేటభూమి అయిన ఈ అడవి 1978 లో పులుల పథకములో చేరినది. మన నల్లమలలోని చిరుమానుకు దగ్గరి బంధువైన ధోక్ చెట్లు అక్కడి కొండలను కప్పియుండును. కణితులు, దుప్పులు, మనుబోతులు, లెక్కకు మించిన నెమళ్ళు కలవు. లోపల నీలకంఠ క్షేత్రమున పదవ శతాబ్దపు శివాలయములు కలవు. కాంక్వాడీ కోటలో ఔరంగజేబు తన అన్న దారా షికోను బంధించినాడని చెప్పుకొందురు. 2005 నాటికి ఆ అడవిలో ఒక్క పులి కూడ లేదని తేలినది. కాగితాల మీద పులులున్నవి, అడవిలో లేవు. వేటగాండ్రు ఒక్కొక్కటిగా చంపివేసినారు. దేశమంతటను కలకలము చెలరేగి, ప్రత్యేక కార్యదళము ఏర్పడి, 2006 లో చట్టమును సవరించి జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థను నెలకొల్పినారు. 2008 జూన్‌లో రణథంభోర్ నుండి ఒక మగపులిని వైమానిక దళ హెలికాప్టరులో తెచ్చి సరిస్కాలో విడిచినారు. 2010 లో ఆ పులిని ఎవరో విషము పెట్టి చంపినారు. ప్రయత్నము ఆగలేదు. 2012 లో తొలిసారి పిల్లలు కనిపించినవి. ఇప్పుడు వాటి సంఖ్య నలభై దాటినట్లు అటవీ శాఖ లెక్కలు తెలుపుచున్నవి. ఈ కథలో కూడ అడవిలోని పల్లెలను తరలించు ప్రశ్న ఇంకను నలుగుచునే యున్నది. నల్లమలలో చెంచులు ఎదుర్కొను ప్రశ్నయు అదియే. మీలో అటవీ శాఖ ఉద్యోగాలకు పోటీ పరీక్షలు వ్రాయదలచిన వారుంటే, ఈ రెండు అడవులను ప్రక్కప్రక్కన పెట్టి చదువుడు.

చివరగా మీ కార్యక్రమమునకు ఒక చిన్న సవరణ ప్రతిపాదించుచున్నాను. మొదటి రోజున ఇండియా గేట్ చూచిన తరువాత పురానా కిలాకు నడచి వెళ్ళుడు. షేర్ షా, హుమాయూన్‌ల కోట అది. షేర్ మండల్ మెట్ల మీద నుండి జారిపడియే 1556 లో హుమాయూన్ మరణించినాడు. పురావస్తు శాఖ వారు అక్కడ త్రవ్విన గోతులలో మౌర్య కాలమునకు పూర్వము నుండి జనావాసము సాగిన ఆనవాళ్ళు పొరలు పొరలుగా బయల్పడినవి. 1947 లో దేశ విభజన వేళ వేలకొలది శరణార్థులు ఈ గోడల నడుమనే తలదాచుకొనిరి. కోట ప్రక్కనే జంతు ప్రదర్శనశాల ఉన్నది. బోనులను చూచుటకు కాదు, దాని కొలనుల మధ్యనున్న చెట్లను చూచుటకు లోపలికి పోవలెను. గులాబి వన్నె ఈకలు, పసుపుపచ్చని పొడవాటి ముక్కు గల కొంగలు ఆ చెట్లపై గూళ్ళు కట్టుకొనియుండును. అవి ఎవరును బంధించి తెచ్చినవి కావు. 1960 ప్రాంతము నుండి తమంతట తామే ఏటేట వానలు వెనుకబట్టిన వేళ వచ్చి, గుడ్లు పెట్టి, పిల్లలను పెంచి, ఎండలు ముదురక మునుపే వెళ్ళిపోవుచున్నవి.

ఈ జాతి కొంగలే శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురములోను, అనంతపురము వైపు వీరాపురములోను ఊరి నడుమ చింతచెట్ల మీద గూళ్ళు కట్టును. ఆ ఊళ్ళవారు వాటిని ఇంటి ఆడపడుచుల వలె చూచుకొందురు. మీరు వచ్చినది జనవరి మాసములో గనుక ఢిల్లీలో పిల్లలు ఈపాటికి రెక్కలు విదల్చుచుండును. జంతుశాల శుక్రవారము మూసియుండును. కనుక గురువారము ఉదయమే వెళ్ళుడు. భరత్‌పూర్‌కు పోవువారు మాత్రము శాలువలు మరువరాదు. తెల్లవారి ఏడు గంటలకు అక్కడి గట్లపై మంచు దట్టముగా క్రమ్మియుండును. మొదట చప్పుడు వినబడును, పక్షి తరువాత కనబడును.